కోసిన దూరం

పోయిన వారం సుహాసినిని కొండ కింద రాళ్ళ మీద బోర్లా పడుకోబెట్టి వదిలి వెళ్ళాం. ఆ పిల్ల ఇంకా అలాగే ఉంది. రైఫిల్ బట్‌కి చెంప ఆనించుకుని, లేవడానికి మొహం చెల్లక.

గజపతినగరం దాటాక ఊళ్ళకు దూరంగా ఉన్న పోలీసు ఫైరింగ్ రేంజి అది. దూరపు గురి పోటీకి రాష్ట్రం తరఫున వెళ్ళే జంటను అక్కడ ఎంపిక చేస్తున్నారు. జంట అంటే పెళ్ళి జంట కాదు. ఆ ముచ్చట కూడా ఈ ఇద్దరికీ ఉందని పాత పాఠకులకు తెలుసు, కొత్తవాళ్ళు ఇప్పుడు తెలుసుకోండి. రైఫిల్ పేల్చేది ఒకరు, పక్కన కూర్చుని దూరమూ గాలీ చెప్పేది ఇంకొకరు. పేల్చేది పాతపట్నం రైతు నరసింగరావు కూతురు సుహాసిని. చెప్పేది కోటబొమ్మాళికి తూర్పున, సముద్రం ఒడ్డు ఊళ్ళో పుట్టిన హరిబాబు. ఇద్దరూ కానిస్టేబుళ్ళే. గెలిస్తే ఇద్దరికీ ఒకే చోట పోస్టింగు. ఓడితే అతను సముద్రం ఒడ్డు స్టేషనుకి, ఆమె రాయలసీమలోని బెటాలియన్‌కి. మధ్యలో రాష్ట్రమంతా అడ్డం.

నిన్న చదును నేల మీద వీళ్ళకు ఎదురు లేకపోయింది. ఈ ఉదయం కొండపైన కట్టిన ఇనప పలకని కింద నుంచి కొట్టాలి. మూడు తూటాలు. మూడూ పలకకి మూరెడు కిందన ఎర్రమట్టిలో దిగబడ్డాయి. అక్కడ ఆగాం మనం.

"లెగమ్మా. ఆ రాళ్ళకేటి, నువ్వు పడుకున్నా లేసినా ఒకటే" అన్నాడు జగన్నాధం.

ఆయన ఆర్మీలో సుబేదారుగా రిటైరై, ఇక్కడ గురి నేర్పడానికి వచ్చినవాడు. మీసం తెల్లబడింది గాని గొంతు తెల్లబడలేదు. పొద్దుట్నుంచి మిగతా జంటలను చెడామడా తిట్టాడు. వాళ్ళ తూటాలన్నీ పలక మీదుగా కొండ అవతలికి పోయాయి. వీళ్ళ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తిట్టలేదు. రాయి మీద కూర్చుని మీసం దువ్వుకున్నాడు. అది తిట్టుకన్నా భయంగా ఉంది.

ఆయన నిన్న చెప్పిన పాఠం కాస్త చెప్పకపోతే ఇక్కడ నుంచి కథ నడవదు. కొబ్బరిచెట్టుకి నిచ్చెన వాల్చారనుకోండి. నడినెత్తిన సూర్యుడుంటే నిచ్చెన నీడ నేల మీద పడుతుంది. నిచ్చెన పొడుగు, నీడ పొట్టి. కొండ మీది పలకని చూస్తే మన కంటికి ఆనేది నిచ్చెన పొడుగు. తూటాను భూమి కిందికి గుంజేది మాత్రం నీడంత మేరకే. కాబట్టి దూరాన్ని కొంత కోసుకుని, పలక కాస్త దగ్గరున్నట్టు గురి పెట్టుకోవాలి. పైకి కొట్టినా అంతే, కిందికి కొట్టినా అంతే. పైకి కొట్టేటప్పుడు గురి ఇంకాస్త పైకి పెట్టాలి కదా అనుకునేవాళ్ళే లోకంలో ఎక్కువ. ఈ కథ రాయడం మొదలెట్టేదాకా నేనూ ఆ బాపతే.

కంటికి కనిపించే దూరానికి జగన్నాధం పెట్టిన పేరు పచ్చి దూరం. కోసుకున్నాక మిగిలేది కోసిన దూరం. "ఇద్దర్లో ఒక్కలే కొయ్యాల. ఎవులు కోస్తారో ముందే మాటాడుకోండి" అని నిన్న చిలక్కి చెప్పినట్టు చెప్పాడు. వీళ్ళిద్దరూ "అలాగే సార్" అన్నారు.

"కొండకాడ గురి తప్పితే తూటా పైకి పోతాది. కొయ్యడం మర్సిపోయినోడిది అలగే పోతాది" అన్నాడు జగన్నాధం. "మీది కిందికి పోయింది. అంటే మీరు మర్సిపోనేదు. ఒరే హరిబాబూ, ఆ యంత్రం ఇటియ్యి."

హరిబాబు దూరం కొలిచే యంత్రం ఇచ్చాడు. జగన్నాధం దానిలోంచి కొండ మీది పలకని చూసి, పక్కనున్న మీట నొక్కి, మళ్ళీ చూశాడు. ఆ మీట నొక్కితే కొండవాలు లెక్క యంత్రమే కట్టి కోసిన దూరం చూపిస్తుంది.

"నువ్వు దీనికి ఎంత సెప్పావురా?"

"అయిదువందల యాభై అయిదు సార్."

"పచ్చిగా ఆరువందల నలబై. అంటే కోసీసి సెప్పావు." ఆయన సుహాసిని వైపు తిరిగాడు. "నువ్వెంతకి తిప్పావమ్మా స్కోపు?"

సుహాసిని రైఫిల్ మీద దూరాన్ని బట్టి తిప్పుకునే దుర్భిణీ వైపు చూసింది. రైఫిల్ పక్కన కొండవాలు చూపే చిన్న చక్రం ఒకటి ఉంది. దాన్ని చూసే ఆమె లెక్క కట్టుకుంది. "నాలుగువందల ఎనబై" అంది.

"అదీ!" జగన్నాధం తొడ మీద చరుచుకున్నాడు. "కోసిందాన్నే మళ్ళీ కోసీసినారు. ఒక బట్టని ఇద్దరు దర్జీలు కత్తిరించినట్టు. తూటా నేలకి కాక దేనికి తగుల్తాది? మాటాడుకున్నారా నేదా నిన్న?"

సుహాసిని రైఫిల్‌కి అంటిన మట్టి తుడవడం మొదలెట్టింది.

"మజ్జానం దిగుడు గురి. లోయలో పలక. మూడు తూటాల్లో రెండు మోగాల. అదీ పోతే మరి నా సేతిలో ఏటీ ఉండదు. తిండి తినండి. తింటూ మాటాడుకోండి. మూగోళ్ళలాగ కూకుంటే నేనొచ్చి ఇద్దర్నీ చెరో దిక్కుకి కూకోబెడతాను" అని ఆయన ఇంకో జంట దగ్గరికి నడిచాడు.

జీడిమామిడి చెట్టు కింద నీడ పలచగా ఉంది. హరిబాబు క్యారేజీ విప్పాడు. అన్నం, చింతపండు పులుసు, వాళ్ళమ్మ నీలవేణి వేయించి పంపిన ఎండుమెత్తళ్ళు. ఆ చిన్నచేపలంటే సుహాసినికి ప్రాణమని తెలిసి ఆవిడ ఒక డబ్బా ఎప్పుడూ వేరేగా కడుతుంది. కోడలు కాకముందే కోడలికి కట్టే డబ్బా అది. సుహాసిని దాన్ని ముట్టుకోలేదు.

"తిను" అన్నాడు.

"కోసినట్టు నాకెందుకు సెప్పనేదు?"

"నువ్వు కోస్తావని నాకేటి తెలుసు?" అతను ముద్ద కలుపుతూ ఆగిపోయాడు. "నాలుగు రోజులై నువ్వు సరిగ్గా పడుకోనేదు. కళ్ళు సూడు ఎలగున్నాయో. ఆ లెక్క కూడా నీ నెత్తి మీదెందుకు, నేనే కోసీసి ఇచ్చీస్తే నువ్వు పేల్చడం ఒక్కటే సూసుకుంతావు కదా అనుకున్నాను."

"సెప్పి కొయ్యొచ్చు కదా."

"సెప్తే నువ్వు ‘నాకు రాదేటి’ అంతావు. నీ సంగతి నాకు తెల్దా?"

అది నిజమే. అనేదే. సుహాసిని మట్టిలో పుల్లతో గీతలు గీసింది. తన వంతు చెప్పడం ఇంకా కష్టంగా ఉంది.

"నువ్వు సముద్రం కాడోడివి" అంది చివరికి. "ఒడ్డున ఎటు సూసినా సదునే. కొండవాలు లెక్క నీకు అలవాటు నేదేమో, పచ్చిదే సెప్తన్నావేమో అనుకున్నాను. తప్పు సెప్పావని అందరి ముందరా అంటే సిన్నబుచ్చుకుంతావని, నేనే కోసుకుని ఊరుకున్నాను."

హరిబాబు మొహం కొంచెం వాడింది. నమ్మలేదన్న మాట ఎంత మెత్తగా చెప్పినా అది తగిలే చోట తగులుతుంది. కాని అతనిది కోపం దాచుకునే తత్వం కాదు, కోపం రాని తత్వం. కాసేపటికి నవ్వేశాడు.

"మా ఇంటికాడ ఒక అలవాటున్నాది" అన్నాడు. "మగోళ్ళు సేపల వేటకెళ్తూ ఆడోళ్ళకి గాలి సంగతి సగమే సెప్తారు. పెద్దగాలి ఉంటే ‘ఆఁ, సిన్నగాలే’ అంతారు. మా నాన్న అలగే సెప్పీవాడు, తాత అలగే సెప్పీవాడు. ఇంటికాడున్నోళ్ళు బెంగెట్టుకోకూడదని. నాకూ అదే వచ్చినాది. ఇంట్లో ఆడదానికి పూర్తిగా సెప్పడం నా నోటికి రాదు సుహా."

"మీ అమ్మ నమ్ముతాదేటి?"

"ఆవిడా తెలివైందే. సిన్నగాలి అంటే పెద్దగాలి అని లెక్కేసుకుంతాది. పెద్దగాలి అంటే తుపానే అనుకుని ఏడుస్తాది."

సుహాసినికి నవ్వు రాబోయి ఆగింది. తన ఇంట్లో సంగతి గుర్తొచ్చింది. నాన్న విత్తనం ధాన్యం కొలిచి బస్తాకెత్తితే, ఆయన కొలత తప్పిందని అమ్మకు తెలుస్తుంది. అనదు. ఆయన పక్కకు వెళ్ళాక ఇంకో కుంచం పోసి మూతి కట్టేస్తుంది. ఇరవై ఏళ్ళుగా నాన్న తన కొలత తిరుగులేనిదని ఊరందరికీ చెప్పుకుంటున్నాడు. ఎదుటివాళ్ళ తప్పు నోటితో చెప్పకుండా చేత్తో దిద్దడం అమ్మ దగ్గర నేర్చుకుంది సుహాసిని. మంచి గుణమే అనుకుంది ఇన్నాళ్ళూ.

సముద్రం వాళ్ళ ప్రేమ ఒకటీ, మెట్ట వాళ్ళ ప్రేమ ఒకటీ కలిసి ఉదయం మూడు తూటాలను మట్టిపాలు చేశాయన్నమాట. ప్రేమ తక్కువై తప్పిన గురుల గురించి చాలామంది రాశారు. ఎక్కువై తప్పిన గురి ఇది.

"నిన్న మాటాడుకోమన్నాడు సార్. ఎందుకు మాటాడుకోనేదు మనం?" అంది.

ఎందుకో ఇద్దరికీ తెలుసు. చెప్పనక్కర్లేదు. నాలుగు రోజుల కిందట అతను ఒక్కడే పాతపట్నం వెళ్ళి నరసింగరావును కలిసి వచ్చాడు, పిల్లనిమ్మని అడగడానికి. వచ్చి "ఆలోసిస్తానన్నారు" అని ఒక్క ముక్క చెప్పాడు. ఆ తరవాత ఇద్దరూ ఏ మాట మొదలుపెట్టినా అది తిరిగి తిరిగి పాతపట్నంలోనే తేలుతోంది. అందుకని మాటలే మానేశారు. గాలి ఎంత, దూరం ఎంత, టీ తాగుతావా, అంతే.

"నువ్వు ‘ఆలోసిస్తానన్నారు’ అన్నావు. నేను దాన్నీ కోసుకున్నాను. ‘కాదన్నారు’ అని" అంది సుహాసిని. "నాలుగు రోజులై నిద్ర పట్టంది అందుకే. మా నాన్న ఏటన్నాడు హరీ? పచ్చిగా సెప్పు."

"సెప్తాను. కాని ఇప్పుడు కాదు. ముందు ఆ మూడు తూటాలూ కానీ. అయ్యాక ఉన్నదున్నట్టు సెప్తాను. మా అమ్మ మీద ఒట్టు."

"ఒట్టెందుకు? నమ్ముతాను." ఆమె డబ్బా దగ్గరకు లాక్కుని మెత్తళ్ళు అన్నంలో వేసుకుంది. "ఇంక ఇప్పణ్నుంచి నువ్వు పచ్చి దూరమే సెప్పు. కొయ్యడం నాది. ఎంత కోసానో పైకే సెప్తాను. నువ్వు సరేనంటేనే పేలుస్తాను."

"సరే" అన్నాడు హరిబాబు. ఆ ఒక్క మాటతో ఆమెకు నాలుగు రోజులుగా లేని ఆకలి వచ్చింది. సిగ్గుపడకుండా తింది.

మధ్యాహ్నం గట్టు మీద నుంచి లోయలోకి చూస్తే పలక తెల్లటి చుక్కలా ఉంది. ఎర్రజెండా ఎగరేసి, పశువుల కాపర్లను అవతలకు పంపేశారు. జగన్నాధం వెనక నిలబడి చేతులు కట్టుకున్నాడు. మిగతా జంటలు అప్పటికే అయిపోయి చుట్టూ చేరాయి. కిందికి కదా అని గురి పలక అడుక్కి పెట్టినవాళ్ళు కొందరు, అసలు కోయనివాళ్ళు కొందరు. ఎవరికీ రెండు మోగలేదు.

సుహాసిని బోర్లా పడుకుంది. హరిబాబు ఆమె భుజం పక్కన మోకాళ్ళ మీద వంగాడు.

"పచ్చిగా ఏడువందల పది" అన్నాడు.

ఆమె చక్రం చూసింది. "వాలు ముప్పయి డిగ్రీలు. ఆరువందల పదిహేనుకి కోస్తన్నాను."

"సరే. గాలి ఎడం నుంచి. సిన్నగాలి." ఒక్క క్షణం ఆగి, "కాదు. మద్దిరకం గాలి. సగం సెప్పబోయాను" అన్నాడు.

సుహాసిని స్కోపులోంచి కన్ను తీయకుండానే నవ్వింది. గాలికి కూడా స్కోపు కాస్త తిప్పింది. ఊపిరి సగం వదిలి ఆపింది. వేలు నొక్కింది.

దెబ్బ కొండల్లో తిరిగి వచ్చాక, దాని వెనక సన్నగా, లోయ అడుగు నుంచి టంగుమని మోగింది.

వెనక ఎవరో "అబ్బో" అన్నారు. జగన్నాధం ఊరుకోమన్నట్టు చెయ్యెత్తాడు.

రెండోది పలక అంచు పక్కగా పోయింది. "గాలి పెరిగింది. నాదే తప్పు, ఆలస్యంగా సూసాను" అని హరిబాబు పైకే చెప్పాడు. ఎవరి తప్పో పైకి చెప్పుకుంటే ఇంత తేలిగ్గా ఉంటుందా అనిపించింది సుహాసినికి. కొత్త గాలి చెప్పాడు. ఆమె తిప్పుకుంది, తిప్పుకున్నది చెప్పింది. అతను సరే అన్నాడు.

మూడోది మోగింది.

చప్పట్లు, ఈలలు. సుహాసిని లేచి, మోచేతులకంటిన మట్టి దులుపుకోకుండానే హరిబాబు చెయ్యి పట్టుకుంది. అందరూ చూస్తున్నారని తెలిసినా పట్టుకుంది. అతని చెయ్యి చల్లగా ఉంది. ఇంత ఎండలో చల్లగా ఎందుకుందో ఆమెకు తోచలేదు.

"శాబాష్!" జగన్నాధం గొంతు సవరించుకున్నాడు. "నేను పంపే పేర్లు ఇయ్యే. సుహాసిని, హరిబాబు. ముందుకు రండి ఇద్దరూ."

సుహాసిని ముందుకు అడుగు వేసింది. పక్కన అడుగు చప్పుడు వినపడలేదు. తిరిగి చూసింది. హరిబాబు ఉన్నచోటే ఉన్నాడు.

"సార్, నా పేరు రాయొద్దు" అన్నాడు. "నేను టీము నుంచి తప్పుకుంతానని పై ఆఫీసుకి నిన్ననే సెప్పీసాను. ఇయాల ఆమెతో ఆకరుసారి కూకుంతానని ఉండిపోయాను."

జగన్నాధం ఆమె మొహం చూసి, అతని మొహం చూసి, మిగతావాళ్ళను కేకలేసుకుంటూ గట్టు దిగువకు తోలుకుపోయాడు. పెద్దమనిషి.

"ఏటిది?" అంది సుహాసిని. చేతిలోంచి చెయ్యి జారిపోయింది.

"పచ్చిగా సెప్తానన్నాను కదా. మీ నాన్న ఒప్పుకుంతానన్నారు. కాని ఇద్దరూ తుపాకులట్టుకుని తిరిగితే ఇల్లెవరు సూస్తారు, ఒకలు దించాలన్నారు. నేను దించుతానన్నాను. ఒడ్డు స్టేషనులో కాగితాల పని ఉన్నాది, అది సేసుకుంతాను. నువ్వు పోటీకి వెళ్ళు. ఇంకొకలు నీ పక్కన కూకుంతారు."

"నా పక్కన ఇంకొకలా?" ఆమె కళ్ళు నిండాయి. "నన్ను అడక్కుండా నా పక్కన సోటు నువ్వు కాళీ సేసీసావా? ఏ హక్కున్నాది నీకు?"

ప్రేమించానన్న హక్కు ఉంది పాపం, కాని అది చాలదని అతనికీ తెలుసు.

సుహాసిని గార్డు గది దాకా ఇంచుమించు పరిగెత్తింది. అక్కడ అప్పగించిన తన ఫోన్ తీసుకుని నాన్నకు చేసింది. హరిబాబు వెనకే వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. అతనికీ వినబడాలని ఆమె స్పీకరు పెట్టింది.

"నాన్నా, హరి వచ్చినప్పుడు నువ్వేటన్నావు?"

అవతల బస్సుల మోత. "ఎక్కడున్నావు గుంటా? తుపాకీ పని అయిపోనాదా?" అన్నాడు నరసింగరావు.

"ఇద్దర్లో ఒకలు తుపాకీ దించాలన్నావట."

"ఒకలా? ఒకలని నానెప్పుడన్నాను?" పెద్దాయన గొంతులో నిజమైన ఆశ్చర్యం. "నువ్వు దించాలన్నాను. నా కూతురు ఆ ఉజ్జోగం ఒగ్గీసి వస్తే మనువు సేస్తానన్నాను. ఆ పిల్లడు మంచినీళ్ళ సెంబు కింద ఎట్టీసి, ‘ఆమెని అడక్కండి మావా, ఆమె దించితే సచ్చిపోతాది, నాను దించీస్తాను’ అన్నాడు. మావా అన్నాడే నన్ను! ఎవుడ్రా నీకు మావ అని గెంటీసినాను."

సుహాసిని గుమ్మం వైపు చూసింది. హరిబాబు అటు తిరిగి, కళ్ళు జేబురుమాలుతో నొక్కుకుంటున్నాడు. పచ్చిగా చెప్పానన్నదానిలో కూడా సగం కోసే చెప్పాడు. ఆమెకు కొట్టాలనిపించింది. కొట్టి, అదే చేత్తో దగ్గరకు తీసుకోవాలనిపించింది.

"గెంటీసినాను గాని, మరి నిద్దర పట్టనేదు" అవతల నరసింగరావు గొంతు తగ్గింది. "మీ అమ్మ నాతో మాటాడ్డం మానీసింది. నాలుగు రోజులై ఆ పిల్లడి మాటే సెవులో తిరుగుతన్నాది. నా కూతురి కోసరం ఓడు దించుతానన్నాడు, నాను దించమన్నాను. ఎవులు దానికి దగ్గిరోళ్ళు అని... పోనీ ఆ మాటొద్దు. ఇజీనారం బస్సు కాంప్లెక్సులో ఉన్నాను. గజపతినగరం బస్సు ఎదురుగుండానే ఉన్నాది. వచ్చి ఆ పిల్లణ్ణి ఒక మాట అడగాల. ఓడొక్కణ్ణే. నువ్వు పక్కనుండకూడదు."

గుమ్మం దగ్గర హరిబాబు తల తిప్పాడు. ఎర్రబడ్డ కళ్ళతో, నువ్వు వెళ్ళిపో, నేను మాట్లాడతాను అన్నట్టు చెయ్యి ఊపాడు. అంత భయంలోనూ.

సుహాసిని రెండడుగులు వేసి ఆ చెయ్యి పట్టుకుంది. ఈసారి గట్టిగా.

"పక్కనే ఉంతాను నాన్నా" అంది ఫోనులో. "నువ్వేటడిగినా నేనుండగానే అడగాల. బస్సెక్కు."